దాలి సెగ మీద పళ్ళ పాయసం



ఎరువుల మోతాదు, తెగుళ్ళ మందు, విత్తనాల శుద్ధి ఎప్పుడూ చెప్పుకునేవే. ఈ పూట వాటిని గట్టు మీద ఉంచి, వంటింటి సంగతి ఒకటి మాట్లాడుకుందాం. వంటింటి సంగతి అనగానే మగవారు తలపాగా చుట్టుకొని లేచిపోనక్కరలేదు. బర్రె పాలు పితికేది మీరు, మిల్లు నుంచి నూకలు తెచ్చేది మీరు, తోటలో పండు కోసేది మీరు. ఆఖరున పాయసం గిన్నె అడుగు గీకేది కూడా తరచు మీరే!

చెప్పబోయేది పళ్ళ పాయసం. నెయ్యి ఓడుతూ, బెల్లం పాకం కారుతూ ఉండే పరమాన్నం కాదు. మీగడ తీసిన పాలు, గుప్పెడు నూకలు, బాగా మాగిన పండు, పేరుకు కొంచెం బెల్లం. వీటిని సన్నని సెగ మీద మూడు నాలుగు గంటలు ఉంచి చేసుకునే తేలికపాటి పాయసం. దొరలు పుడ్డింగ్ అనేది దీనికి దగ్గర చుట్టమే.

ఇది ఇప్పుడెందుకు అంటారా? త్రిపురారం చుట్టుపక్కల ఊళ్ళనే తీసుకోండి. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. అంతకు ముందు ఈ ప్రాంతపు మెట్ట చేలల్లో కనిపించేవి జొన్న, సజ్జ, ఆముదం. ఎడమ కాలువ పారిన తరువాత వరి వచ్చింది, మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. జొన్న గటక తిన్న ఇళ్ళలో మూడు పూటలా తెల్లన్నం ఉడికింది. మంచిదే, కడుపు నిండింది. కాని ఆ తరువాత ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది. ఒళ్ళు వంచే పని తగ్గింది గాని పళ్ళెంలో అన్నం తగ్గలేదు. ఈనాడు షుగరు మాత్రలు మింగే వాళ్ళు లేని ఊరు కనబడడం కష్టం.

పండుగనాడు వీరి పాట్లు చూడండి. ఇంటిల్లిపాదీ పాయసం తింటుంటే పెద్దాయన ఓ మూల కూర్చొని మజ్జిగన్నం తింటాడు. లేదా మనుమడి చేత చాటుగా తెప్పించుకొని పెద్ద గిన్నెడు లాగిస్తాడు. మొదటిది మనసుకు చేటు, రెండవది ఒంటికి చేటు. ఈ రెంటికీ నడుమ దారి ఒకటి ఉన్నది. ఒకటి మాత్రం ముందే స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఇది మందు కాదు. ఇందులోనూ బియ్యం ఉంది, పండులో తీపి ఉంది, బెల్లం ఉంది. బెల్లం తింటే షుగరు పెరగదని చెప్పేవారి మాట నమ్మకండి. రక్తంలోకి చేరిన తరువాత బెల్లమూ చక్కెరా ఒకటే. షుగరు ఉన్నవారు ఈ పాయసం చిన్న కప్పుడు తిని, ఆ పూట అన్నంలో ఒక పెద్ద గరిటెడు తగ్గించుకోవాలి.

ఇక తేలిక అనేది ఎక్కడ ఉన్నదో లెక్క వేద్దాం. ఒక లీటరు చిక్కని బర్రె పాలలో 70 గ్రాముల దాకా వెన్న ఉంటుంది. పైన రెండు చెంచాల నెయ్యి పోస్తే మరో 30 గ్రాములు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున ఇవే 900 కేలరీలు. దానికి తోడు 200 గ్రాముల బెల్లం, అది సుమారు 760. బియ్యం ఇంకా లెక్కలోకి రానేలేదు! అదే పాయసాన్ని, ప్యాకెట్లలో దొరికే డబుల్ టోన్డ్ పాలతో, అంటే నూటికి ఒకటిన్నర పాళ్ళ వెన్న ఉన్న పాలతో చేసి, నెయ్యి మానేసి, 40 గ్రాముల బెల్లం వేశామనుకోండి. కొవ్వు నుంచి 135, బెల్లం నుంచి 150. పావుకిలో పైచిలుకు బొప్పాయి ముక్కలు వేసినా మరో నూరో నూటపాతికో కలుస్తాయి, అంతే. ఇంటి పాలు ఉన్నవారు ప్యాకెట్టు కొననక్కరలేదు. పాలు కాచి, పూర్తిగా చల్లార్చి, కట్టిన మీగడ తీసేయండి. మళ్ళీ కాచి మళ్ళీ తీయండి. చాలా భాగం వెన్న మీగడతో వచ్చేస్తుంది. ఆ మీగడ ఎటూ పోదు, తోడు పెట్టి చిలికితే మీ వెన్న మీకే.

వెన్న తీసి, బెల్లం తగ్గిస్తే మిగిలేది నీళ్ళ జావ కాదా అని మీకు అనుమానం రావచ్చును. గబగబా ఉడికిస్తే అలాగే ఉంటుంది. అందుకే సన్నసెగ కావాలి.

మన పెద్దలు పాలు ఎలా కాచేవారో గుర్తు చేసుకోండి. ఇంటి వెనుక, వసారా పక్కన, నేలలో చిన్న గుంట. చుట్టూ మట్టితో గట్టు. దాని పేరే దాలి. అందులో పిడకలు విరిచి వేసి, నిప్పు అంటించి, పొద్దున పెట్టిన పాలకుండ మధ్యాహ్నం దాటాక దించేవారు. ఆ పాలు లేత ఎరుపు తిరిగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. ఆ కమ్మదనం గ్యాసు పొయ్యి మీద పది నిముషాల్లో పొంగించిన పాలకు రాదని అందరూ ఒప్పుకుంటారు. కారణం ఏమిటి? చాలాసేపు వేడిలో ఉన్నప్పుడు పాలలోని మాంసకృత్తులూ, పాలలో సహజంగా ఉండే చక్కెరా ఒకదానితో ఒకటి కలిసి కొత్త రంగునూ, కొత్త వాసననూ ఇస్తాయి. ఇంతలో నీరు కొంత ఆవిరై పాలు చిక్కబడతాయి. చిక్కదనం వెన్న వల్ల వచ్చింది కాదు, నీరు పోవడం వల్ల వచ్చింది.

నూకల పని వేరొకటి. బియ్యపు పిండి పదార్థం వేడి నీటిలో ఉబ్బి, పగిలి, చుట్టూ ఉన్న పాలను పట్టి చిక్కబరుస్తుంది. తెర్లే పాలలో అయితే గింజ పైపైన చిట్లుతుంది, అడుగున మాడుతుంది, గరిటె పట్టుకొని నిలబడాలి. తెర్లకుండా అంచుల వెంట చిన్న చిన్న బుడగలు మాత్రం లేస్తూ ఉన్న పాలలో నూక నిదానంగా లోపలిదాకా మెత్తబడి వెన్నలా జారుతుంది. గరిటె పెట్టకపోయినా మాడదు. వెన్న లేని పాలకు వెన్న ఉన్నట్టు నోట్లో జారే గుణం ఇచ్చేది ఇదే. కాబట్టి పాత బియ్యం నూకలు వెతకనక్కరలేదు, మీ మిల్లులో వచ్చిన సన్న నూకలు చాలు. ఇరవై రూపాయల పని ఈ నూకలు చేస్తాయి గాని వాటిని కోళ్ళకు వేసి, బజారు నుంచి జీడిపప్పు తెచ్చుకుంటాం మనం!

తీపి సంగతి చెప్పి విధానంలోకి దిగుదాం. నాలుకకు చల్లని పదార్థంలో తీపి తక్కువగా తెలుస్తుంది, గోరువెచ్చగా ఉన్నప్పుడు బాగా తెలుస్తుంది. ఐస్‌క్రీములో అంత చక్కెర వేసేది అందుకే. కనుక ఈ పాయసాన్ని ఫ్రిజ్‌లో పెట్టి తినేకంటే వెచ్చవెచ్చగా తింటే తక్కువ బెల్లంతోనే సరిపోతుంది.

ఆరుగురికి కావలసినవి: మీగడ తీసిన పాలు ఒక లీటరు, నూకలు 60 గ్రాములు, అంటే చిన్న పిడికిళ్ళు రెండు, బాగా పండిన బొప్పాయి ముక్కలు 300 గ్రాములు, బెల్లం నిమ్మకాయంత, ఏలకులు నాలుగు, ఉప్పు చిటికెడు. పైన వేసుకోవడానికి ఒక బత్తాయి. ఉప్పు ఎందుకంటారేమో. చిటికెడు ఉప్పు తీపిని పైకి తెస్తుంది, వేసి చూడండి.

దాలి ఉన్నవారు అందులో అడుగున విరిచిన పిడకలు పరిచి, వాటి సందుల్లో ఊక పోసి నిప్పు వేయండి. మీ ప్రాంతంలో ఊకకు కరువు లేదు. నూరు కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊకే వస్తుంది. ఊక భగ్గున మండదు, నివురు కప్పుకొని గంటల తరబడి రాజుకుంటుంది. మనకు కావలసింది అదే. పొగ తగ్గి, పైన తెల్ల బూడిద కమ్మిన తరువాతనే కుండ పెట్టాలి, లేకపోతే పాయసానికి పొగ వాసన పడుతుంది. దాలి ఎప్పుడూ ఆరుబయటో, గాలి ఆడే వసారాలోనో ఉండాలి. చలికాలం గదా అని గదిలో పెట్టి తలుపులు మూయడం ప్రాణం మీదికి తెస్తుంది. రాజుకునే పిడక నుంచీ ఊక నుంచీ వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. పసిపిల్లలు తిరిగే ఇంట్లో గట్టు ఎత్తు చేయండి.

నూకలు కడిగి అరగంట నానబెట్టండి. పాలను ముందు మామూలు పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి, మరుగుతుండగానే నూకలూ ఉప్పూ వేసి, ఒకసారి కలిపి, ఆ వేడి పాలను దాలి మీది కుండలో పోయండి. పచ్చి పాలు తీసుకెళ్ళి దాలిలో పెట్టకండి. దీని కారణం ముందు చెబుతాను. చిల్లుల మూకుడు బోర్లించి వదిలేయండి. గంటకొకసారి అడుగంటా కలిపితే చాలు. మూడు గంటలకు నూక వేళ్ళ మధ్య నలిపితే పూర్తిగా నలిగిపోతుంది. పాలు ముప్పావు లీటరుకు దిగుతాయి.

పండు విషయంలోనే చాలామంది పాయసం విరిచేసుకుంటారు. అన్ని పళ్ళూ ఒక తీరువి కావు.

బొప్పాయి కాయలో పాలు ఉంటాయి గదా. వాటిలో ఉండే పదార్థం మాంసకృత్తులను కొరికి తినే గుణం కలది. మాంసం త్వరగా ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేసేది ఈ గుణం కోసమే. పాలలో పడితే పాలు విరుగుతాయి, చేదు కూడా తిరుగుతాయి. పండు మాగేకొద్దీ ఇది తగ్గుతుంది గాని పూర్తిగా పోయిందని నమ్మకం ఏమిటి? అందుచేత బాగా పండిన కాయనే తీసుకొని, ముక్కలను విడిగా చిన్న గిన్నెలో పది నిముషాలు కుతకుత ఉడికించి, మెదిపి, ఆఖరి అరగంటలో పాయసంలో కలపండి. ఉడికితే ఆ గుణం చస్తుంది. రంగు చూడముచ్చటగా వస్తుంది.

అరటిపండూ, సపోటా సులభం. తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ అరటిపండు, వేలితో నొక్కితే దిగే సపోటా ఎంచుకోండి. సగం మాగిన సపోటా వేస్తే నోరంతా వగరు పడుతుంది. వీటిని దించబోయే ముందు పావుగంట ఉంచితే చాలు. నాలుగు సపోటాలు వేసినప్పుడు నిమ్మకాయంత బెల్లంలో సగం తగ్గించవచ్చు.

సీతాఫలాన్ని మాత్రం సెగ తగలనివ్వవద్దు. గుజ్జు వేడి చేస్తే చేదెక్కుతుంది. పాయసం దించి, చేయి పెడితే వెచ్చగా తెలిసే దాకా ఆరనిచ్చి, గింజలు తీసిన గుజ్జు అప్పుడు కలపాలి, వెంటనే తినాలి. మామిడి గుజ్జు కూడా అంతే. మామిడిలో పులుపు ఉంటుంది, మరిగే పాలలో పులుపు పడితే ఏమౌతుందో మీకు తెలియనిది కాదు. జామపండు నేను సలహా ఇవ్వను. గింజ వడగట్టుకోవాలి, వగరూ పులుపూ రెండూ ఉంటాయి, అంత శ్రమకు తగిన రుచి రాదు. కోసుకొని అలాగే కొరకడమే జామపండుకు మర్యాద.

ఇక నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది బత్తాయి. ధర పడిపోయిన ఏడు గంపల కొద్దీ కాయ ఇంట్లో మిగిలితే, పాయసంలో పోసేద్దామని అనిపించడం సహజం. వద్దు. బత్తాయి తియ్యగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని దానిలోనూ పులుపు ఉంది, వేడి పాలను విరుస్తుంది. అంతకంటె ముఖ్యం, బత్తాయి రసాన్ని కాచినా, పిండి ఊరికే నిలవ ఉంచినా చేదు తేలుతుంది. గింజల్లో, తొనల మీది తెల్లని పొరలో ఉండే పదార్థం చేసే పని అది. మరి బత్తాయిని ఎలా వాడాలి? తొనలు విడదీసి, తెల్ల పొరా, గింజలూ తీసేసి, లోపలి గుజ్జును విడివిడిగా చేసి, కప్పులో వడ్డించిన పాయసం మీద చల్లండి. పళ్ళ కింద చిట్లి పుల్లపుల్లగా, తియ్యతియ్యగా తగులుతుంది. బెల్లం తక్కువైందన్న ఆలోచనే రాదు.

బెల్లం వేసే పద్ధతి కూడా అంతే జాగ్రత్త. బెల్లంలో కొంత పులుపూ, లవణాలూ ఉంటాయి. మరిగే పాలలో గడ్డగా వేస్తే పాలు విరిగి గుండుసున్న! రెండు చెంచాల నీళ్ళలో కరిగించి, ఇసుక దిగేట్టు గుడ్డలో వడగట్టి, పాయసం దించి పది నిముషాలు ఆరిన తరువాత కలపండి. దంచిన ఏలకులు అప్పుడే.

పచ్చి పాలు దాలిలో పెట్టవద్దన్నాను గదా. సన్నసెగ అంటే గోరువెచ్చని సెగ కాదు. ఈ తేడా తెలియకపోతే పాయసం తిన్నవాళ్ళు రాత్రంతా చెంబు పట్టుకొని తిరగవలసి వస్తుంది. వంటకం 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరగలేవు. దానికి దిగువన, చేయి ఓర్చుకునే వేడిలో, అవి పండుగ చేసుకుంటాయి. పాలు తోడుకోవడానికి మనం వెచ్చగా ఉంచుతామే, అదే వేడి చెడ్డ జీవులకూ ఇష్టం. బియ్యంతో వచ్చే ఒక జాతి సూక్ష్మజీవి మరీ మొండిది. దాని బీజాలు ఉడికినా చావవు. వండినది గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మేలుకొని విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ కాచినా పోదు. అందుకే పాలు మరిగించి పెట్టడం, అందుకే అంచున బుడగలు ఆగకుండా చూసుకోవడం. దాలి చల్లబడి, కుండ ఎప్పుడు చల్లారిందో తెలియకపోతే ఆ పాయసం మీద ఆశ వదులుకోండి. మిగిలినదాన్ని వెడల్పాటి పళ్ళెంలో పోసి త్వరగా చల్లార్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండ 45 డిగ్రీలు తాకే మే నెలలో గంటకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ పూటకు ఆ పూటే చేసుకోవడం మేలు.

దాలి ఇప్పుడెవరింట్లో ఉందండీ అని మీరు అనవచ్చు. నిజమే, గ్యాసు వచ్చాక గుంటలు పూడ్చేశారు. అటువంటివారికి రెండు మార్గాలున్నాయి.

ఒకటి కరెంటుతో పనిచేసే స్లో కుక్కర్. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో చూసి ఉంటారు. లోపల పింగాణీ మట్టి కుండ, చుట్టూ సన్నగా వేడెక్కే తీగ. దీనిని కనిపెట్టిన షికాగో వాసి ఇర్వింగ్ నాక్సన్‌కు 1940లో పేటెంటు వచ్చింది. లిత్వేనియాలో తన అమ్మమ్మ కాలంలో యూదుల ఇళ్ళ ఆడవాళ్ళు శుక్రవారం సాయంత్రం గింజల కూర కుండను రొట్టెల బట్టీలో పెట్టి, మిగిలిన సెగ మీద రాత్రంతా ఉడకనిచ్చేవారని తల్లి చెప్పగా ఆయనకు ఆలోచన తట్టిందట. 1971లో రైవల్ కంపెనీ దాన్ని క్రాక్‌పాట్ అనే పేరుతో బజారులోకి తెచ్చింది. పొద్దున ఉద్యోగానికి పోతూ మీట నొక్కితే సాయంత్రానికి కూర ఉడికి ఉండేది. మన దాలి చేసిన పనీ అదే గదా, నాట్లకు పోతూ పాలు పెట్టి పోయేవారు! ఇందులో మూత బిగుతుగా ఉంటుంది, ఆవిరి బయటికి పోదు. కాబట్టి లీటరు పాలకు బదులు ముప్పావు లీటరే పోయండి. మిగతా పద్ధతి అంతా ఒకటే. చిన్న కుక్కర్ 200 వాట్లది అయితే నాలుగు గంటలకు ఒక యూనిట్ లోపే కరెంటు. మధ్యలో కరెంటు పోతే పొయ్యి మీద మరిగించి పూర్తిచేసుకోండి, మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని కుండలోనే ఉంచకండి.

రెండవదానికి పైసా ఖర్చు లేదు. పెద్ద గంపలో ఎండు వరిగడ్డి జానెడు మందాన అడుగునా పక్కలా గట్టిగా కూరి, మధ్యలో గిన్నె పట్టేంత గూడు చేయండి. పాలు, నూకలు మూతగల మందపు గిన్నెలో పొయ్యి మీద పావుగంట మరిగించి, మరుగుతున్నది మరుగుతున్నట్టే గూటిలో దింపి, పైన గడ్డి నింపిన గోనెసంచి కప్పండి. లోపలి వేడి బయటికి పోలేక నూకను ఉడికిస్తుంది. ప్రపంచ యుద్ధాల కాలంలో బొగ్గు కరువైన దేశాలవారు గడ్డి పెట్టెలు చేసి ఇలాగే వండుకున్నారు. కాని దీనికి కింద నిప్పు లేదని మరచిపోకూడదు. వేడి దిగుతూనే ఉంటుంది. రెండు గంటలకు తీసి, మళ్ళీ ఒక పొంగు మరిగించి, పండు కలిపి తినేయాలి. పొద్దున పెట్టి సాయంత్రం తీద్దామంటే పనికిరాదు. గిన్నె కూడా నిండుగా ఉండాలి, అరగిన్నె అయితే గంటలోనే చల్లబడుతుంది.

విస్తరణ అధికారులకూ, అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఒక మాట. త్రిపురారం మండలంలోనే కంపసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. తోటల సంగతి అడగడానికి వెళ్ళే రైతులు ఇలాంటి ఇంటి సంగతులు కూడా అడిగేట్టు చేయండి. ఊళ్ళో చూపించదలిస్తే రైతు వేదిక దగ్గర రెండు గిన్నెలు పెట్టండి. ఒకదానిలో మామూలు పరమాన్నం, మరొకదానిలో ఈ పాయసం. ఎవరికి షుగరు ఉందో అందరి ముందూ అడగవద్దు. రెంటినీ గోరువెచ్చగా, ఒకే కొలత చిన్న కప్పుల్లో ఇవ్వండి. గిన్నెలకు చీటీలు అంటించవద్దు. అందరూ తిని, ఏది బాగున్నదో చేతులెత్తి చెప్పిన తరువాత, ఏ గిన్నెలో ఎంత నెయ్యి, ఎంత బెల్లం పడ్డదో తూకం రాళ్ళతో తూచి చూపించండి.